యూఏఈలో జబ్బుపడినా, పనిలో దెబ్బ తగిలినా ఏం చేయాలి: ఇన్సూరెన్స్, జీతం, కంప్లైంట్

దుబాయ్, షార్జా, అబుదాబిల్లో కంపెనీ వీసా మీద పనిచేసేవాళ్ళు ఆస్పత్రి పాలైతే డబ్బు రెండు దారుల్లో వస్తుంది. జ్వరం, షుగరు, కడుపునొప్పి లాంటివైతే హెల్త్ ఇన్సూరెన్స్ దారి. పనిలో దెబ్బ తగిలితే కంపెనీ దారి. రెండూ ఒకటే అనుకుని నష్టపోయేవాళ్ళు చాలామంది. తేడా ఎంతో ఒక లెక్క చూడండి.

జీతం నెలకు 1,500 దిర్హమ్‌లు అనుకుందాం. 90 రోజులు మంచంలో ఉన్నారు. అది మామూలు జబ్బు కింద నమోదైతే మొదటి 15 రోజులకు పూర్తి జీతం, అంటే 750. తర్వాతి 30 రోజులకు సగం జీతం, ఇంకో 750. చివరి 45 రోజులకు ఏమీ రాదు. మొత్తం 1,500. అదే 90 రోజులు పనిలో తగిలిన దెబ్బ కింద నమోదైతే 4,500 రావాలి. పైగా వైద్యం ఖర్చు మొత్తం కంపెనీదే, మీరు పైసా పెట్టనక్కర్లేదు. ఏ దారిలో వెళతారన్నది చాలాసార్లు మొదటి రోజు ఆస్పత్రి కాగితం మీద పడే ఒక్క లైనుతో తేలిపోతుంది. కింద చెప్పేవన్నీ ఆ లైను సరిగ్గా పడటానికీ, పడ్డాక డబ్బు చేతికి రావడానికీ.

ఇక్కడి నియమాలు ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళవి. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం రాస్తున్నాం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ చట్టం వేరు, దాని సంగతి తర్వాత చెబుతాం.

బయలుదేరే ముందు

ముందుగా వీసా చూడండి. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరితే మీకు లేబర్ కార్డు (పని అనుమతి కార్డు) ఉండదు, కంపెనీ ఇన్సూరెన్స్ ఉండదు. దెబ్బ తగిలితే మీరు ఆ కంపెనీ మనిషేనని చూపించడానికి కాగితమే ఉండదు. "వెళ్ళాక మారుస్తాం" అన్న ఏజెంటు మాట మీద విమానం ఎక్కకండి. అలా పనిలో పెట్టుకున్న యజమానికి 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హమ్‌ల వరకు జరిమానా ఉంది. అది పడితే ఆయన మొదట చేసే పని మిమ్మల్ని ఎరగనని చెప్పడం.

తర్వాత ఆఫర్ లెటర్. యూఏఈ కార్మిక శాఖను అక్కడ అందరూ మోహ్రే అంటారు. ఆ శాఖ ఫారంలోనే ఆఫర్ లెటర్ ఉంటుంది: అరబిక్, ఇంగ్లీషు, మూడోది కార్మికుడికి అర్థమయ్యే భాష. ఆ మూడో భాషల్లో హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. హిందీ గానీ ఉర్దూ గానీ వచ్చినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకోండి. అక్కడికి వెళ్ళాక చేసే కాంట్రాక్టులో దీనికంటే తక్కువ రాయడానికి వీల్లేదు కాబట్టి సంతకం చేసిన ప్రతి పేజీ ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపి పెట్టండి.

అందులో జాగ్రత్తగా చూడాల్సిన అంకె బేసిక్ జీతం. మొత్తం 1,500 అని చెప్పి బేసిక్ 600, మిగతా 900 అలవెన్సులు అని రాస్తారు. నెలనెలా చేతికొచ్చే డబ్బులో తేడా కనబడదు. గ్రాచ్యుటీ (ఉద్యోగం ముగిసినప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు), ఓవర్‌టైమ్, ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి వచ్చే పరిహారం, ఉద్యోగం పోయినప్పుడు వచ్చే బీమా అన్నీ బేసిక్ మీదే లెక్క కడతారు. బేరమాడే అవకాశం ఉంటే మొత్తం జీతం గురించి కాదు, బేసిక్ గురించి ఆడండి.

పదో తరగతి పాసవనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (కొన్ని దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలన్న గుర్తు) ఉంటుంది. వాళ్ళు భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా క్లియరెన్స్ తీసుకునే వెళ్ళాలి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. కంపెనీ మారినా పాలసీ చెల్లుతుంది. ఒక్క విషయం మాత్రం ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి: ఆ 10 లక్షలు ప్రమాదానికే. నిద్రలో గుండె ఆగి చనిపోతే అవి రావు. పాలసీ కాగితం ఇంట్లో ఒకటి, ఫోన్‌లో ఒకటి ఉండాలి. గడువు దాటాక రెన్యువల్ చేయించుకోవాలని ఎవరూ గుర్తుచేయరు.

ఇండియాలో లైసెన్స్ ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే అది చట్టవిరుద్ధం. యూఏఈ చట్టం ప్రకారం వీసా ఖర్చులు కంపెనీవే, వాటిని జీతంలో కోయకూడదు.

దిగిన మొదటి నెలలో

మోహ్రే యాప్ వేసుకుని మీ పేరు మీద కాంట్రాక్టు ఉందో లేదో, బేసిక్ అంకె ఆఫర్ లెటర్‌లో ఉన్నదేనా అని చూడండి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. కంపెనీ దాన్ని దాచిపెట్టుకోవడం చట్టవిరుద్ధం.

తర్వాత ఇన్సూరెన్స్. అబుదాబి, దుబాయ్‌లలో ఎప్పటినుంచో తప్పనిసరి. షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ ఖువైన్, రాస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యింది. అది లేకుండా రెసిడెన్సీ వీసా ఇవ్వరు, రెన్యువల్ చేయరు. ప్రీమియం కంపెనీయే కట్టాలి. జీతం చీటీలో ఇన్సూరెన్స్ పేరుతో కోత కనబడితే ఆ చీటీ ఫోటో తీసి దాచుకోండి, కంప్లైంట్‌కు అదే ఆధారం.

మీ పాలసీ ఏ కంపెనీది, నెట్‌వర్క్ (ఆ పాలసీ నడిచే ఆస్పత్రుల జాబితా) పేరేంటి అని ఆఫీసులో అడిగి రాసుకోండి. చాలాచోట్ల విడిగా కార్డు ఇవ్వరు, ఎమిరేట్స్ ఐడీతోనే ఆస్పత్రిలో చూస్తారు. క్యాంపుకు దగ్గర్లో ఉన్న ఏదో ఒక నెట్‌వర్క్ క్లినిక్‌కు వెళ్ళి ఐడీ చూపించి "ఇది ఇక్కడ నడుస్తుందా" అని ఒంట్లో బాగున్నప్పుడే అడగండి. రాత్రి రెండింటికి 103 జ్వరంతో ట్యాక్సీలో తిరుగుతూ తెలుసుకునే విషయం కాదది.

మీ జేబులోంచి పెట్టాల్సిన వాటా ఎమిరేట్‌ను బట్టి మారుతుంది. షార్జా వైపు (పైన చెప్పిన ఐదు ఎమిరేట్లలో) బేసిక్ పాలసీలో బయటి రోగిగా చూపించుకుంటే బిల్లులో 25 శాతం మీది, కానీ ఒక విజిట్‌కు 100 దిర్హమ్‌లు దాటదు. బిల్లు 200 అయితే 50 కడతారు, 600 అయినా 100 కడతారు. అదే జబ్బుకు 7 రోజుల్లోపు మళ్ళీ వెళితే వాటా కట్టక్కర్లేదు. ఆస్పత్రిలో చేరితే 20 శాతం, ఒకసారికి 500కు మించదు, ఏడాది మొత్తానికి 1,000కి మించదు. మందుల్లో 30 శాతం మీది, ఏడాదికి 1,500 దిర్హమ్‌ల విలువ వరకే పాలసీ భరిస్తుంది. దుబాయ్‌లో నెలకు 4,000 దిర్హమ్‌ల లోపు జీతం ఉన్నవాళ్ళ బేసిక్ పాలసీకి ఏడాది పరిమితి 1,50,000 దిర్హమ్‌లు, అక్కడ డాక్టర్, ఆస్పత్రి బిల్లులో మీ వాటా 20 శాతం.

షుగరు, బీపీ ముందే ఉన్నవాళ్ళు దుబాయ్ బేసిక్ పాలసీలో మొదటి 6 నెలలు జాగ్రత్తగా ఉండాలి. ఎమర్జెన్సీ కాకపోతే పాత జబ్బులకు ఆ 6 నెలలు పాలసీ వర్తించదు. షార్జా వైపు పాలసీలో ఈ ఆగుడు లేదు. ఇంటినుంచి మందులు తెచ్చుకుంటే డాక్టర్ చీటీతో, అసలు ప్యాకింగ్‌లోనే తెచ్చుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటి నొప్పి బిళ్ళలు అక్కడ ఆంక్షలున్న మందులు. ముందస్తు అనుమతి లేకుండా బ్యాగులో దొరికితే కేసవుతుంది.

జబ్బు చేస్తే

నెట్‌వర్క్ క్లినిక్‌కు వెళ్ళి, సిక్ లీవ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. అడగకపోతే మందుల చీటీ మాత్రమే ఇచ్చి పంపుతారు. దాని మీద సెలవు రాదు. పనికి రాలేనని కంపెనీకి 3 పనిదినాల్లోపు తెలపాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి. ఫోర్‌మెన్‌కు నోటితో చెప్పి ఊరుకోకండి. సర్టిఫికెట్ ఫోటో వాట్సాప్‌లో ఫోర్‌మెన్‌కూ ఆఫీసుకూ పంపితే ఏ తేదీన చెప్పారో తేలిపోతుంది.

ప్రొబేషన్‌లో (చేరిన కొత్తలో ఉండే పరీక్షా కాలంలో) ఉన్నవాళ్ళకు జీతంతో సిక్ లీవ్ లేదు. డాక్టర్ రిపోర్టు ఉంటే జీతం లేని సెలవు అడగొచ్చు. ప్రొబేషన్ 6 నెలలకు మించకూడదు కాబట్టి ఏడో నెలలోనూ "ఇంకా ప్రొబేషనే" అంటే నమ్మకండి. ఏడాదిలో 90 రోజుల సిక్ లీవ్ అంతా అయిపోయాక కూడా పనికి రాలేకపోతే కంపెనీ తీసేయవచ్చు, కానీ గ్రాచ్యుటీతో సహా రావాల్సినవన్నీ ఇచ్చి పంపాలి.

ప్రాణం మీదికి వస్తే నెట్‌వర్కా కాదా అని చూడకండి. 998కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది.

పనిలో దెబ్బ తగిలితే

సైట్‌లో జరిగే మొదటి తప్పు మనిషిని క్యాంపు గదికి పంపేయడం. "కాసేపు పడుకో, సాయంత్రం చూద్దాం" అంటారు. సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళినప్పుడు క్యాంపు నుంచి వచ్చినట్టే నమోదవుతుంది. గదిలో జారిపడ్డాడని రాస్తే ఇక అది పనిలో దెబ్బ కాదు. కాబట్టి సైట్ నుంచి నేరుగా ఆస్పత్రికే వెళ్ళండి. మీకు స్పృహ లేకపోతే ఈ పని పక్కనున్నవాళ్ళు చేయాలి. ఒకే గదిలో ఉండేవాళ్ళు ఈ మాట ముందే అనుకుని పెట్టుకోండి.

ఆస్పత్రిలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ఎలా తగిలిందని. కంపెనీ తరఫున వచ్చిన మనిషి మీకంటే ముందు జవాబు చెప్పేస్తాడు. మీకు ఇంగ్లీషు రాకపోయినా "వర్క్ యాక్సిడెంట్" అన్న రెండు మాటలు గట్టిగా చెప్పండి. హిందీ తెలిసిన నర్సు దాదాపు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. రిపోర్టులో మూడు సంగతులు రావాలి: ఎక్కడ జరిగింది, ఏ పని చేస్తుండగా జరిగింది, ఎన్ని గంటలకు. "కింద పడ్డాడు" అని ఉంటే చాలదు. "సైట్‌లో స్కాఫోల్డింగ్ మీద పనిచేస్తుండగా మూడు మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడు" అని ఉండాలి. ఇంటికి పంపే ముందు ఆ కాగితాన్ని ఫోన్ కెమెరాతో తెలుగులోకి అనువాదం చేసి చూసుకోండి. తప్పుంటే అప్పుడే దిద్దించండి. నెల తర్వాత దిద్దమంటే ఏ ఆస్పత్రీ దిద్దదు.

అదే రోజు కంపెనీకి వాట్సాప్ మెసేజ్ వెళ్ళాలి. ఇంగ్లీషో హిందీయో వచ్చినవాళ్ళ చేత రాయించండి. తేదీ, టైము, సైటు పేరు, చేస్తున్న పని, దెబ్బ ఎలా తగిలింది, చూసినవాళ్ళ పేర్లు, తీసుకెళ్ళిన ఆస్పత్రి. ఐదారు లైన్లు చాలు. విరిగిన నిచ్చెన, తెగిన బెల్టు, గార్డు లేని మెషీన్ ఉంటే సైట్ శుభ్రం చేయకముందే ఫోటో తీయమని తోటివాళ్ళకు చెప్పండి. చూసిన ఇద్దరి సొంత ఫోన్ నంబర్లు రాసుకోండి. ఇంటి నంబర్లు కూడా తీసుకుంటే మేలు, ఎందుకంటే ఆరు నెలల్లో వాళ్ళు ఇంకో సైటుకో ఇండియాకో వెళ్ళిపోతారు.

సంగతి తెలిసిన 48 గంటల్లోపు కంపెనీ ఈ ప్రమాదాన్ని కార్మిక శాఖకు తెలపాలి. తెలిపారా అని మూడో రోజు మెసేజ్‌లోనే అడగండి. జవాబు రాకపోతే ఆ మౌనం కూడా తర్వాత మీ పక్షానే పనికొస్తుంది.

చట్ట ప్రకారం మీకు రావాల్సింది ఇది. కోలుకునేదాకా, లేదా అంగవైకల్యం తేలేదాకా వైద్యం ఖర్చు కంపెనీది. పనిచేయలేని రోజులకు 6 నెలల వరకు పూర్తి జీతం. ఇంకా నయం కాకపోతే మరో 6 నెలలు సగం జీతం. క్యాంపు నుంచి సైటుకు, సైటు నుంచి క్యాంపుకు మామూలు దారిలో వెళ్తుండగా జరిగిన ప్రమాదం కూడా పనిలో దెబ్బే. మధ్యలో ఎక్కడికైనా దారి తప్పి వెళితే అది పోతుంది.

పరిహారం పోగొట్టే కారణాలు కూడా చట్టంలో ఉన్నాయి: తాగి ఉండటం, కావాలని చేసుకోవడం, అందరికీ కనబడేలా పెట్టిన భద్రతా సూచనలను తెలిసీ మీరడం, కారణం లేకుండా వైద్యం వద్దనడం. ఆఖరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆపరేషన్ అంటే భయమేసి "ఇండియాకు వెళ్ళి చేయించుకుంటా" అని టికెట్ తీసుకుంటే వైద్యం వద్దన్నట్టు రాసుకునే వీలు కంపెనీకి దొరుకుతుంది. వేలు తెగినా, నడుం పట్టేసినా, చూపు తగ్గినా, వైకల్యం ఎంత శాతమో మెడికల్ కమిటీ తేల్చేదాకా దేశం విడిచి రాకండి. శాశ్వత వైకల్యానికి డబ్బు ఆ శాతాన్ని బట్టే వస్తుంది. ఇంటి మీద బెంగ ఎంత లాగినా ఈ ఒక్కటీ ఆగి తేల్చుకోండి.

పనిలో ప్రాణం పోతే కుటుంబానికి 24 నెలల బేసిక్ జీతం రావాలి. 18,000 దిర్హమ్‌లకు తగ్గకూడదు, 2,00,000 దాటదు. బేసిక్ 600 అయితే 24 నెలలకు 14,400 అవుతుంది కాబట్టి 18,000 ఇవ్వాలి. బేసిక్ 1,200 అయితే 28,800. పైన చెప్పిన బేసిక్ అంకె బరువు ఇక్కడ తెలుస్తుంది. గ్రాచ్యుటీ, ఆగిన జీతం దీనికి అదనం. శవాన్ని ఇంటికి చేర్చే విషయంలో ఇబ్బంది అయితే భారత కాన్సులేట్‌ను అడగండి, అక్కడ ఇందుకోసం సంక్షేమ నిధి ఉంది. తెలంగాణ వాళ్ళు గల్ఫ్‌లో చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల రూపాయలు ఇస్తుంది, 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు. దరఖాస్తు జిల్లా కలెక్టర్‌కు చేసుకోవాలి.

ఎండ

ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పనిచేయించకూడదు. చేయిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హమ్‌ల జరిమానా. వడదెబ్బ తగిలితే దాన్ని ఉత్త జ్వరంగా రాయనివ్వకండి. ఏ పనిలో, ఎన్నింటికి పడిపోయారో రిపోర్టులో రావాలి.

కంపెనీ కాదంటే

80084కు ఫోన్ చేయండి, లేదా మోహ్రే యాప్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కార్డు నంబరు దగ్గర పెట్టుకోండి. ఏం కావాలో అంకెతో చెప్పండి. "అన్యాయం జరిగింది" అంటే రాసుకునేవాళ్ళకు ఏం చేయాలో తెలియదు. "మార్చి 4న పనిలో దెబ్బ తగిలింది, రెండు నెలల జీతం 3,000, ఆస్పత్రికి నేను కట్టిన 640 రావాలి" అంటే లెక్క మొదలవుతుంది. కట్టిన ప్రతి బిల్లూ జతచేయండి.

కంప్లైంట్ పెట్టారని పని మానేసి స్నేహితుల గదికి వెళ్ళిపోకండి. మనవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఇదే. వరుసగా 7 రోజులు కనబడకపోతే కంపెనీ మీ మీద అబ్‌స్కాండింగ్ (పని వదిలి పారిపోయాడన్న ఫిర్యాదు) పెట్టొచ్చు. అప్పుడు న్యాయం మీ పక్షాన ఉన్నా మీరు ఖల్లివల్లి (చట్టబద్ధమైన కాగితాలు లేని) మనిషి అయిపోతారు. పనికి వెళ్ళలేని స్థితిలో ఉంటే సిక్ లీవ్ సర్టిఫికెట్లలో ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా చూసుకోండి.

కార్మిక శాఖ మొదట 14 రోజుల్లో రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే, అడిగిన మొత్తం 50,000 దిర్హమ్‌ల లోపు ఉంటే శాఖే తీర్పు చెబుతుంది. అది నచ్చనివాళ్ళు 15 పనిదినాల్లో కోర్టుకు వెళ్ళాలి. 50,000 దాటితే శాఖే కోర్టుకు పంపుతుంది. 1,00,000 దిర్హమ్‌ల లోపు కేసుకు కార్మికుడు కోర్టు ఫీజు కట్టక్కర్లేదు. గొడవ వల్ల జీతం ఆగిపోతే 2 నెలల వరకు జీతం ఇచ్చి తీరమని శాఖ కంపెనీని ఆదేశించగలదు. ఆ సంగతి మీరే గుర్తుచేసి అడగండి. కంప్లైంట్ పెట్టినందుకే తీసేస్తే అది అక్రమ తొలగింపు, 3 నెలల జీతం దాకా విడిగా పరిహారం ఉంటుంది.

భాష అడ్డమైతే భారత ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది: 800 46342, ఉచితం. గొడవ ఇన్సూరెన్స్ కంపెనీతో అయితే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో తేల్చకపోతే సనదక్‌కు వెళ్ళాలి. బ్యాంకులు, ఇన్సూరెన్స్ మీద ఫిర్యాదులు చూసే సంస్థ అది.

ఉద్యోగం పోతే

2023 జనవరి నుంచి ఉద్యోగ నష్ట బీమా తప్పనిసరి. దీన్ని కంపెనీ కాదు, మీరే కట్టాలి. బేసిక్ 16,000 లోపు ఉంటే నెలకు 5 దిర్హమ్‌లు. కట్టకపోతే 400 జరిమానా. వరుసగా 12 నెలలు కట్టి ఉండి, మీ తప్పు లేకుండా తీసేస్తే, బేసిక్‌లో 60 శాతం 3 నెలల వరకు వస్తుంది. తీసేసిన 30 రోజుల్లోపు అడగాలి. రాజీనామా చేస్తే రాదు. అందుకే "రాజీనామా రాసివ్వు, త్వరగా పంపేస్తాం" అంటే రాయకండి.

ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు

మీది 2022 నాటి వేరే చట్టం. హెల్త్ ఇన్సూరెన్స్ యజమాని ఇవ్వాలి. సిక్ లీవ్ ఏడాదికి 30 రోజులు, 15 జీతంతో, 15 జీతం లేకుండా. రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 వరుసగా ఉండాలి, వారానికి ఒక రోజు సెలవు. పాస్‌పోర్టు మీ దగ్గరే. 80084 మీకూ పనిచేస్తుంది. ఇంట్లోంచి బయటికి రానివ్వని పరిస్థితి అయితే పోలీస్ 999.

క్యాన్సిల్ రోజు

వీసా క్యాన్సిల్ అయితే ఇన్సూరెన్స్ కూడా పోతుంది. చేయించుకోవాల్సిన పరీక్షలు, పళ్ళు, కళ్ళు, ఆగిపోయిన ఫాలో-అప్ అన్నీ దానికి ముందే పూర్తిచేయండి. మెడికల్ రిపోర్టులు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ కాపీలు తీసుకోండి. ఇంటికొచ్చాక తెప్పించుకోవడం చాలా కష్టం.

క్యాన్సిలేషన్ కాగితంలో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని ఉంటుంది. పీఆర్వో (కంపెనీ తరఫున వీసా కాగితాలు చూసే మనిషి) తొందరపెడతాడు. డబ్బు ఖాతాలో పడకముందు సంతకం పెట్టకండి. గ్రాచ్యుటీ లెక్క మీరే వేసుకుని వెళ్ళండి: మొదటి 5 ఏళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులు. బేసిక్ 900 అయితే రోజుకు 30, ఏడాదికి 630, అయిదేళ్ళకు 3,150, ఆరో ఏడాదికి 900 కలిపి 4,050. ఏడాది నిండనివాళ్ళకు గ్రాచ్యుటీ లేదు. కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లో అంతా ఇచ్చేయాలి.

ఇప్పటికే ఇండియాకు వచ్చేసినా, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి 2 ఏళ్ళ దాకా అడిగే హక్కు ఉంది. కానీ ఇక్కడినుంచి కేసు నడపాలంటే అక్కడున్న నమ్మకమైన మనిషికి పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వాల్సి వస్తుంది, దానికి ఖర్చూ కాలమూ పడతాయి. వచ్చే ముందు రోజైనా సరే, విమానం ఎక్కకముందే కంప్లైంట్ నమోదు చేసి, ఆ నంబరు రాసుకుని రండి.